కవలలు ముందే పుట్టకుండా: కుట్టా, మాత్రా, ఇంజెక్షనా, మంచమా?

మా పిన్ని కూతురు ఉదయగిరి నుంచి వాట్సాప్‌లో ఒక స్కాన్ రిపోర్టు ఫొటో పెట్టి, నేను చూసేలోపే ఫోన్ చేసింది. "ఏందక్కా ఇది? గర్భసంచి మూతి పొట్టిగా ఉందంట. ఒకరు కుట్టేయాలంటున్నారు, ఇంకొకరు వారం వారం సూది అంటున్నారు. మా అత్తేమో మంచం దిగొద్దంటా ఉంది. ఎవరి మాట వినాల?" కడుపులో కవలలు, 21 వారాలు. రిపోర్టులో ఒక అంకె చుట్టూ ఎవరో పెన్నుతో గట్టిగా గీశారు: 23 మి.మీ.

నేను నెల్లూరులో పసిపిల్లల ప్రత్యేక వార్డులో స్టాఫ్ నర్సుని. మా దగ్గరికి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. కిలో బరువు కూడా లేని ఇద్దరిని బాక్సుల్లో పెట్టి వైర్లు తగిలిస్తుంటే, అద్దానికి అవతల నిలబడ్డ అమ్మమ్మ అడిగే మొదటి మాట ఒకటే: "ముందే ఏమన్నా చేసుంటే ఆగేదా సిస్టర్?" ఆ మాటకి సరైన జవాబు కోసం ఏళ్లుగా మా గైనిక్ డాక్టర్లని విసిగించాను, దొరికిన పేపర్లు చదివాను. ఆ రోజు చెల్లెలికి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ కాస్త విడమరిచి రాస్తున్నాను. ఇది మీ డాక్టర్ మాటకి బదులు కాదు. డాక్టర్ గదిలో ఉండే అయిదు నిమిషాల్లో ఏం అడగాలో తెలిస్తే చాలు.

ముందుగా ఒక మాట. జంట అరటిపండు తిన్నావా అని నవ్వేవాళ్ళు ఎలాగూ ఉంటారు. కానీ కవలలు ముందే పుడితే "నువ్వు మెట్లెక్కావు, స్కూటర్ ఎక్కావు, అందుకే" అనేవాళ్ళు కూడా ఉంటారే, వాళ్ళ మాట మాత్రం నెత్తిన వేసుకోవద్దు. కవలల్లో సగం మందికి పైగా 37 వారాలు నిండకుండానే పుడతారు. ఒక్కరి కోసం ఉన్న చోట ఇద్దరు పెరుగుతుంటే గర్భసంచి సాగుతుంది, సాగినకొద్దీ నొప్పులకి ముందే సిద్ధమవుతుంది. ఇది చాలావరకు శరీరం లెక్క.

అయినా 37 అనేది కాగితం మీది గీత. మా వార్డులో అసలు గీత 34. ఆ వారానికి చాలామంది పిల్లలు చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కలిపి చేయగలుగుతారు. 35 వారాలకి వచ్చినవాళ్ళలో చాలామంది కాస్త కామెర్లు, కాస్త బరువు సమస్యతో నాలుగు రోజులుండి వెళ్ళిపోతారు. 28 వారాల బిడ్డ కథ వేరు. "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అని మన పెద్దవాళ్ళంటారు. అది పూర్తిగా తప్పు. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డకి లాభమే. అందుకే ఏ చికిత్సనైనా "నెలలు నిండేదాకా ఆపుతుందా" అని కాదు, "28ని 32 చేస్తుందా, 32ని 34 చేస్తుందా" అని అడగాలి.

రిపోర్టులో చూడాల్సినవి రెండే

ఒకటి, మాయ (ప్లసెంటా) ఒకటా రెండా. ఇది 11 నుంచి 14 వారాల మధ్య చేసే ఎన్‌టీ స్కాన్‌లో బాగా తెలుస్తుంది. తర్వాత తేల్చడం కష్టమవుతుంది. రెండో విషయం గర్భసంచి మూతి పొడవు. 18 నుంచి 24 వారాల మధ్య, బిడ్డల అవయవాలు చూసే టిఫా స్కాన్‌తో పాటే దీన్ని కొలవొచ్చు.

ఈ కొలత దగ్గరే మన వైపు పెద్ద తిరకాసు ఉంది. మంచినీళ్ళు తాగించి, మూత్రం బిగబట్టించి, పొట్ట మీద నుంచే కొలిచి రాసేస్తారు. మూత్రసంచి నిండి ఉంటే అది మూతిని నొక్కి పొడుగ్గా చూపిస్తుంది. నమ్మదగిన కొలత మూత్రానికి వెళ్ళొచ్చాక లోపలి నుంచి చేసే స్కాన్‌దే. దాన్ని టీవీఎస్ అంటారు. బిడ్డలకి ఏమీ కాదు, నొప్పి ఉండదు, అయిదు నిమిషాల పని. సిగ్గుపడి వద్దంటే మాత్రం రాబోయే నాలుగు నెలల నిర్ణయాలన్నీ తప్పు అంకె మీద నిలబడతాయి. మా చెల్లెలి రిపోర్టులో టీవీఎస్ అని స్పష్టంగా ఉంది కాబట్టి 23ని నమ్మాను.

గీత 25 మి.మీ. దగ్గర గీస్తారు. 24 వారాల లోపు అంతకంటే తగ్గితే ముందే పుట్టే ప్రమాదం ఎక్కువని అర్థం. రేపే పుడతారని కాదు. అలాగే 38 మి.మీ. ఉన్నంత మాత్రాన ఇక చీకూచింతా లేదని కూడా కాదు.

మూతి బాగానే ఉంటే

ఏమీ చేయించుకోకండి. ఇదే అందరికీ కష్టమైన సలహా. కవలలనగానే మనింట్లో, కొన్ని నర్సింగ్ హోముల్లో కూడా, "ఎందుకైనా మంచిది" అనే మాట మొదలవుతుంది. ఆ మాట మీద వచ్చే వాటిలో మొదటిది వారానికొక ప్రొజెస్టెరాన్ (గర్భాన్ని నిలబెట్టే హార్మోన్) ఇంజెక్షన్.

హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ కాప్రోయేట్ అని రాసి ఉండే ఈ నూనె సూదిని అమెరికాలో కవలలున్న 655 మంది మీద పరీక్షించారు. ఫలితాలు 2007లో వచ్చాయి. 35 వారాల లోపు ప్రసవం లేదా బిడ్డ పోవడం సూది తీసుకున్నవాళ్ళలో 41.5 శాతం, ఉత్తుత్తి సూది తీసుకున్నవాళ్ళలో 37.3 శాతం. అంటే లాభం సున్నా. మూతి పొట్టిగా ఉన్న కవల తల్లుల మీద ఫ్రాన్స్‌లో చేసిన పరీక్షలోనూ ఇది పనిచేయలేదు. చివరికి 2023 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, ఒక్క బిడ్డ ఉన్న గర్భిణులకి కూడా ముందస్తు ప్రసవం ఆపడానికి ఈ మందుకిచ్చిన అనుమతినే వెనక్కి తీసుకుంది. మన దగ్గర మాత్రం చీటీల మీద ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. వారం వారం తుంటి మీద ఆ మంట భరించి, బస్సెక్కి వచ్చిపోయే వాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

యోని లోపల పెట్టుకునే ప్రొజెస్టెరాన్ సంగతి కొంచెం వేరు. దాన్ని కూడా కవలలున్న అందరికీ ఇచ్చి చూశారు. బ్రిటన్‌లో 500 మంది మీద చేసి 2009లో చెప్పిందీ, ఐరోపాలో 1200 మంది దాకా తల్లులకి రోజుకి 600 మి.గ్రా. చొప్పున మూడో నెల నుంచే ఇచ్చి 2021లో చెప్పిందీ ఒకటే: అందరికీ ఇస్తే ఉపయోగం లేదు. రెండో దానిలో 34 వారాల లోపు తమంతట తామే నొప్పులొచ్చి పుట్టినవి మందు వాడినవాళ్ళలో 10.4 శాతం, వాడనివాళ్ళలో 8.2 శాతం.

కాబట్టి మూతి బాగుండి, ఇంతకు ముందు గర్భాలు నిలవని చరిత్ర లేకపోతే మీ డబ్బుని మంచి స్కాన్లకి, రక్తపరీక్షలకి దాచుకోండి.

పొట్టిగా ఉంది, కానీ మూసుకునే ఉంది

మా చెల్లెలి పరిస్థితి ఇదే. నొప్పులు లేవు, నీరు కారడం లేదు, మూతి తెరుచుకోలేదు. పొడవు మాత్రమే తక్కువ. ఇక్కడ ఎంపిక రెండింటి మధ్య: లోపల పెట్టుకునే ప్రొజెస్టెరాన్ మాత్ర, లేదా కుట్టు. నేను మాత్ర వైపు మొగ్గుతాను. ఎందుకో చెబుతాను.

మూతి 25 మి.మీ. లేదా అంతకంటే తక్కువున్న కవల తల్లుల వివరాలని ఆరు పరీక్షల నుంచి ఏరి, 303 మందివి ఒకచోట చేర్చి 2017లో లెక్క కట్టారు. 33 వారాల లోపు పుట్టినవి మాత్ర వాడిన వాళ్ళలో 31 శాతం, వాడని వాళ్ళలో 43 శాతం. పుట్టిన బిడ్డల మరణాలు కూడా తగ్గాయి. 303 పెద్ద సంఖ్యేమీ కాదు, అందుకే డాక్టర్ల సంఘాలన్నీ ఒకే మాట మీద లేవు. కానీ ఈ మాత్రతో తల్లికొచ్చే నష్టం చాలా తక్కువ, మత్తు లేదు, కోత లేదు, ఇష్టం లేకపోతే రేపే ఆపేయొచ్చు. నష్టం తక్కువ, లాభం ఉండే అవకాశం బాగానే ఉంది అన్నప్పుడు నేనైతే వాడతాను.

వాడే పద్ధతి గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి కాస్త ఆగి చెబుతాను. రాత్రి పడుకునే ముందు 200 లేదా 400 మి.గ్రా., డాక్టర్ రాసినంత. చేతులు సబ్బుతో కడుక్కుని, పడుకుని, వేలు వెళ్ళినంత లోపలికి పెట్టుకోవాలి. పొద్దున తెల్లగా, నూనెలాగా కొంచెం బయటికి వస్తే "మందంతా కారిపోయింది" అని కంగారు పడొద్దు, అది మాత్ర పైపొరా, అందులోని నూనే. అదే మాత్రని నోట్లో వేసుకోవచ్చు కదా అని మా చెల్లెలు అడిగింది. నోట్లో వేసుకుంటే నిద్రమత్తు, తల తిరుగుడు వస్తాయి. పైగా పైన చెప్పిన లెక్కలన్నీ లోపల పెట్టుకున్న వాళ్ళవి. ఇంకోటి, మన నెల్లూరు మే నెల సంగతి మీకు తెలుసు. ఈ మాత్రలు మెత్తటివి. రేకుల ఇంట్లో కిటికీ గూట్లో పెడితే సాయంత్రానికి ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీయబోతే పగిలి వేళ్ళకంటుకుంటాయి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, ఎండ తగలని చోట పెట్టుకోండి. 34 వారాల దాకా వాడటం మామూలు.

ఇప్పుడు కుట్టు, అంటే మూతి తెరుచుకోకుండా వేసి బిగించేది. ఒక్క బిడ్డ ఉన్న తల్లికి, ఇంతకు ముందు నెలలు నిండని ప్రసవమై ఉండి, మూతి పొట్టిగా ఉంటే కుట్టు మేలు చేస్తుంది. ఆ అనుభవంతోనే కవలలకి కూడా వేసేద్దాం అంటారు. 2005లో అలాంటి పరీక్షలన్నీ కలిపి చూస్తే, కవలల్లో మూతి 25 కంటే తక్కువుందన్న ఒక్క కారణంతో కుట్టు వేసిన వాళ్ళలో 35 వారాల లోపు ప్రసవాలు రెండింతలకి పైగా అయ్యాయి. ఆ కవల తల్లులు 49 మందే కాబట్టి కుట్టు చెడు చేస్తుందని తేల్చి చెప్పలేం, కానీ మంచి చేస్తుందనడానికి మాత్రం అందులో ఏమీ లేదు. 15 మి.మీ. కంటే కూడా తగ్గిపోయినప్పుడు కొందరు డాక్టర్లు కుట్టు గురించి ఆలోచిస్తారు. అది పెద్ద ఆసుపత్రిలో, కవలల కేసులు బాగా చూసిన డాక్టర్‌తో కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి. 23కి వేయించుకునేది కాదు. ఇంతకు ముందు అయిదారు నెలల గర్భాలు నొప్పుల్లేకుండానే జారిపోయిన వాళ్ళు ఈ లెక్కలోకి రారు. వాళ్ళకి డాక్టర్ మూడో నెల చివర్లోనే కుట్టు వేస్తానంటే దానికి కారణం ఉంటుంది.

మాత్ర మొదలుపెట్టాక రెండు వారాలకి మళ్ళీ కొలిపించుకోవడం మర్చిపోవద్దు. 23 కాస్తా 22 అయితే అదే దారి. మూతి తెరుచుకుంటే దారి మారుతుంది.

మూతి తెరుచుకుంది, ఉమ్మనీటి సంచి కనిపిస్తోంది

ఇప్పుడు నేను ఇందాక వద్దన్న కుట్టే, వెంటనే కావాల్సిన మందు. చాలామందికి ఇక్కడే తికమక. ఒకే కుట్టు, రెండు పరిస్థితులు, రెండు జవాబులు.

24 వారాల లోపు, నొప్పులు లేకుండానే మూతి 1 నుంచి 5 సెంటీమీటర్లు తెరుచుకున్న కవల తల్లుల మీద ఒక పరీక్ష జరిగి 2020లో ఫలితాలు వచ్చాయి. 30 మందే. 17 మందికి కుట్టు, దాంతో పాటు యాంటీబయాటిక్, నొప్పులు తగ్గించే మందు. 13 మందికి కుట్టు లేదు. 28 వారాల లోపు ప్రసవాలు కుట్టు ఉన్నవాళ్ళలో 41 శాతం, లేనివాళ్ళలో 85 శాతం. దక్కని బిడ్డలు ఒకవైపు 18 శాతం, ఇంకోవైపు 77 శాతం. తేడా ఇంత ఉండేసరికి మిగతా తల్లులకి కుట్టు లేకుండా ఉంచడం తప్పని పరీక్షని మధ్యలోనే ఆపేశారు.

ఈ పరిస్థితిలో "రేపు ఆదివారం, సోమవారం వెళ్దాం" అనుకోకూడదు. ఇన్ఫెక్షన్, రక్తస్రావం, నొప్పులు లేవని చూసుకుని మత్తిచ్చి వేయాల్సిన కుట్టు ఇది. మత్తు డాక్టరూ, పసిపిల్లల వార్డూ ఉన్నచోటే కుదురుతుంది. 36 వారాల దగ్గర, లేదా అంతకంటే ముందే నొప్పులొస్తే అప్పుడే, కుట్టు తీసేస్తారు. కుట్టు ఉందని తెలిసి కూడా నొప్పులతో ఇంట్లో ఉండిపోతే మూతి చిరిగిపోవచ్చు.

రింగు

మూతి చుట్టూ తొడిగే సిలికాన్ రింగు గురించి యూట్యూబ్‌లో చూసి అడిగేవాళ్ళు పెరిగారు. కోత లేదు, మత్తు లేదు, వినడానికి బాగుంటుంది. 2016లో స్పెయిన్ నుంచి వచ్చిన ఒక చిన్న పరీక్షలో 34 వారాల లోపు ప్రసవాలు 39 శాతం నుంచి 16కి తగ్గాయని చూపించారు. అదే ఏడాది 1180 మంది కవల తల్లుల మీద చేసిన పెద్ద పరీక్షలో తేడా లేదు. మూతి 35 మి.మీ. లోపున్న 503 మంది మీద బ్రిటన్ వాళ్ళు చేసి 2021లో చెప్పిన దానిలోనూ లేదు. రింగు కోసం చెన్నై బస్సెక్కక్కర్లేదు.

మంచం

మా చెల్లెలి అత్తగారు మంచం కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టించారు, కాళ్ళు ఎత్తులో ఉంటే బిడ్డలు కిందికి దిగరని. ఆవిడది ప్రేమే. ఆవిడకి అలా చెప్పింది కూడా ఏదో ఒకప్పటి ఆసుపత్రే. నేను ఫోన్లో "అత్తమ్మా, ఇటుకలు తీసేయించండి" అంటే "నీకు నాలుగు ముక్కలొచ్చినంత మాత్రాన పెద్దోళ్ళు తెలివితక్కువోళ్ళా" అన్నారు.

కవలల తల్లులని ఆసుపత్రిలో చేర్చి పడుకోబెడితే ఆగుతుందేమోనని 1980ల్లోనే జింబాబ్వేలో పరీక్ష చేశారు. ఆగలేదు సరికదా, పడుకున్న వాళ్ళకే నెలలు నిండని ప్రసవాలు ఎక్కువయ్యాయి. ఆ తర్వాత జరిగిన పరీక్షలని కలిపి చూసినా మంచం వల్ల ప్రసవం ఆగుతుందని తేలలేదు. ఇంకోవైపు కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు గర్భం కంటే కవలల్లో ఎక్కువ, కదలకుండా పడుకుంటే ఇంకా ఎక్కువ. కండలు కరిగిపోతాయి, మలబద్ధకం, పైగా రోజంతా పైకప్పు చూస్తూ టెన్షన్.

అలాగని నాట్లకి వెళ్ళమని కాదు. మంచానికీ విశ్రాంతికీ తేడా ఉంది. రొయ్యల షెడ్లలో ఎనిమిది గంటలు నిలబడే పని, ఎండలో కలుపు తీత, బోరు దగ్గర నుంచి బిందెలు మోయడం, గేదెల దగ్గర వంగి చాకిరీ, ఇవి మానేయాలి. మధ్యాహ్నం రెండు గంటలు ఎడమ పక్కకి తిరిగి పడుకోవాలి. ఇంట్లో నడవడం, వంట చేసుకోవడం, వాకిట్లో కూర్చుని నలుగురితో మాట్లాడుకోవడం మానక్కర్లేదు. మూతి పొట్టిగా ఉంటే భార్యాభర్తల కలయిక సంగతి డాక్టర్‌ని సూటిగా అడగండి. మీరు అడగకపోతే వాళ్ళు చెప్పరు.

గర్భసంచి బిగుసుకోకుండా అంటూ నెలల తరబడి ఇచ్చే బిళ్ళలది కూడా ఇదే కథ. ముందుజాగ్రత్తగా వాడితే కవలల్లో ప్రసవం ఆగుతుందని ఆధారం లేదు, గుండె దడ మాత్రం ఖాయం. నొప్పులు నిజంగా మొదలైనప్పుడు నిఫెడిపిన్ లాంటివి రెండు రోజుల గడువు కొనడానికి పనికొస్తాయి. ఆ రెండు రోజులు ఎందుకో ముందుకి చెబుతాను.

మూతితో సంబంధం లేని ముందస్తు ప్రసవాలు

కవలల్లో చాలామంది నొప్పులొచ్చి కాదు, డాక్టరే తీయాల్సొచ్చి ముందు పుడతారు. బీపీ పెరిగిపోవడం అందులో పెద్ద కారణం. దీనికి రాత్రిపూట తక్కువ డోసు ఆస్పిరిన్, 12 వారాలు దాటిన దగ్గర నుంచి, చాలామంది కవల తల్లులకి ఇస్తారు. చవకైన బిళ్ళ. మీ చీటీలో లేకపోతే "నాకు అవసరమా" అని అడగండి. మూత్రం కల్చర్ పరీక్ష, రక్తం తక్కువుంటే ఐరన్, ఇవి ఎలాగూ ఉండాలి. ఇద్దరు పిల్లలు లాక్కునే రక్తం కాబట్టి 9 గ్రాముల హిమోగ్లోబిన్‌తో సరిపెట్టుకోవద్దు.

మాయ ఒక్కటే అయితే ఇంకో ప్రమాదం ఉంది. ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకి వెళ్ళిపోతుంది. అందుకే 16 వారాల నుంచి రెండు వారాలకోసారి స్కాన్ తప్పదు. రెండు మాయలుంటే నాలుగు వారాలకోసారి చాలు. నాలుగైదు రోజుల్లో పొట్ట ఒక్కసారిగా పెరిగి చర్మం బిగుసుకుపోతే "కవలలు కదా, పెరుగుతున్నారు" అని మురిసిపోకుండా అదే రోజు స్కాన్‌కి వెళ్ళాలి. దీనికి లేజర్ చికిత్స ఉంది. మనవాళ్ళు చెన్నై వెళ్తారు.

ఇక మనం చేజేతులా తెచ్చుకునే ముందస్తు ప్రసవం ఒకటుంది. ముహూర్తం. "ఎలాగూ ఆపరేషనే కదా, ఈ శుక్రవారం నక్షత్రం బాగుంది" అని 35 వారాలకే పట్టుబట్టే కుటుంబాలని చూశాను. అలా పుట్టిన ఇద్దరూ పదిరోజులు మా దగ్గర ఆక్సిజన్ మీద ఉన్న సందర్భాలున్నాయి. సమస్య లేకపోతే రెండు మాయల కవలలకి 37 నుంచి 38 వారాల మధ్య, ఒక మాయ, రెండు ఉమ్మనీటి సంచులుంటే 36 నుంచి 37 మధ్య, ఒకే మాయ, ఒకే సంచి అయితే 32 నుంచి 34 మధ్య. ఆ వారం లోపల పంతులుగారు ఏ గంట చెప్పినా నాకు అభ్యంతరం లేదు.

ఎక్కడ ఉండాలి అనేదే పెద్ద ఎంపిక

ఇంతదాకా చెప్పిన మందుల్లో ఏదీ గ్యారంటీ కాదు. అన్నిటికంటే గట్టి ఆధారం ఉన్నది ప్రసవాన్ని ఆపే మందుకి కాదు, ముందే వచ్చే బిడ్డని సిద్ధం చేసే మందుకి. బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్. 1972లో న్యూజిలాండ్ డాక్టర్లు ఇద్దరు దీన్ని మొదటిసారి మనుషుల్లో నిరూపించారు. డెక్సామెథసోన్ అయితే 12 గంటలకొకటి చొప్పున నాలుగు, బీటామెథసోన్ అయితే 24 గంటల తేడాతో రెండు. పూర్తి ఫలితం రావాలంటే మొదటి సూది పడ్డాక ఒక రోజు గడవాలి, వారం దాటితే బలం తగ్గుతుంది. నిఫెడిపిన్‌తో కొనే రెండు రోజులు దీనికోసమే. 32 వారాల లోపు ప్రసవమయ్యేలా ఉంటే బిడ్డ మెదడుకి రక్షణగా మెగ్నీషియం సల్ఫేట్ కూడా ఇస్తారు.

కవలలు కదా అని ఏడో నెల రాగానే అందరికీ ఈ సూదులు వేసేయడం నేను ఒప్పుకోను. ఆ వారంలో ప్రసవం కాకపోతే అసలు అవసరమైన రోజుకి బలం ఉండదు. మళ్ళీ మళ్ళీ వేస్తే బిడ్డ ఎదుగుదల దెబ్బతింటుంది. పుట్టేలా ఉన్నారన్న గుర్తులు కనపడ్డప్పుడే వేయాలి. అంటే ఆ గుర్తులు కనపడ్డప్పుడు మీరు ఎక్కడున్నారు అనేది ముఖ్యం.

ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. కావలి, ఆత్మకూరులో కాన్పులు చేస్తారు, కానీ 29 వారాల ఇద్దరు బిడ్డలకి రెండు వెంటిలేటర్లు కావాలంటే నెల్లూరులో పెద్దాసుపత్రికో, మెడికల్ కాలేజీకో రావాల్సిందే. ప్రకాశం వాళ్ళకి ఒంగోలు రిమ్స్. పుట్టిన బిడ్డని అంబులెన్సులో తేవడం కంటే తల్లి కడుపులో తేవడం ఎంతో మేలు. కడుపు కంటే మంచి ఇంక్యుబేటర్ మా దగ్గర లేదు. 108కి ఫోన్ చేసి, బయల్దేరే ముందు దగ్గరి పీహెచ్‌సీలో మొదటి డెక్సామెథసోన్ వేయమని అడగండి. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొచ్చిన తల్లికి పెద్దాసుపత్రికి పంపేముందు ఏఎన్ఎం కూడా ఆ మొదటి డోసు వేయొచ్చని కేంద్ర ప్రభుత్వం 2014లోనే మార్గదర్శకాలిచ్చింది.

ఇక్కడే మన పుట్టింటి ఆచారం అడ్డొస్తుంది. ఏడో నెలలో చీర పెట్టి తీసుకెళ్తారు. కవలలకి సరిగ్గా ప్రమాదం మొదలయ్యే నెల అది. ఇన్నాళ్ళూ చూసిన డాక్టర్‌ని వదిలి, ఫైలు సగం అత్తగారింట్లో వదిలి, ఇంకో ఊరికి. పుట్టిల్లు పెద్దాసుపత్రికి దగ్గరైతే వెళ్ళండి, దూరమైతే అమ్మనే మీ ఇంటికి పిలిపించుకోండి. చేరబోయే ఆసుపత్రిని మూడు ప్రశ్నలు ముందే అడగండి: 32 వారాల ఇద్దరు పిల్లలకి ఒకేసారి బెడ్లుంటాయా, రాత్రి రెండు గంటలకి పిల్లల డాక్టర్ ఉంటారా, ఎన్టీఆర్ వైద్య సేవ పసిపిల్లల వార్డు ఖర్చుకి ఇక్కడ వర్తిస్తుందా. కాన్పు ప్యాకేజీ ఒక్కటే చెప్పి, పిల్లల వార్డు బిల్లు సంగతి ప్రసవమయ్యాక చెప్పిన చోట మా బంధువు ఒకాయన పొలం తాకట్టు పెట్టాడు.

ఇంటి నుంచి వెంటనే కదలాల్సిన గుర్తులు: గంటలో నాలుగైదుసార్లు పొట్ట రాయిలా గట్టిపడటం, నడుములో వచ్చిపోయే లాగుడు, బంకలాంటి తెలుపులో రక్తపు చార, నీరు కారడం, తలనొప్పితో పాటు కళ్ళు మసకబారడం. "వేడి చేసింది" అని సబ్జా నీళ్ళు తాగి పడుకున్న తల్లులు ఎంతమందో. వేడి చేస్తే పొట్ట పది నిమిషాలకోసారి లెక్కపెట్టుకుని గట్టిపడదు.

మా చెల్లెలు ఆ రోజు రాత్రి నుంచే మాత్ర మొదలుపెట్టింది. రెండు వారాలకి 21 మి.మీ., మూసుకునే ఉంది. 26 వారాలకి నెల్లూరులో మా ఇంటికి వచ్చేసింది. సీమంతం మా హాల్లోనే, కుర్చీలో కూర్చోబెట్టి, గంటలో ముగించాం. ఇటుకల అత్తమ్మే చలిమిడి చేసి తెచ్చారు. 35 వారాల 2 రోజులకి నొప్పులొచ్చాయి. ఇద్దరూ ఆడపిల్లలు, ఒకరు కిలో తొమ్మిది వందలు, ఒకరు రెండు కిలోల వంద. చిన్నది ఆరు రోజులు మా వార్డులో ఉంది.

"ఆ మాత్ర వల్లే ఆగారు కదక్కా" అని అడిగింది, డిశ్చార్జి రోజున. అయ్యుండొచ్చు అన్నాను. ఆ 303 మంది లెక్కలో మాత్ర వాడని వాళ్ళు కూడా వందలో 57 మంది 33 వారాలు దాటారని అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ చదువుతుంది.